మీరెవరో మీ పాఠకులకు చెప్పడం ఎలా?

ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో రాస్తూ నమ్మకమైన పాఠకులను సంపాదించుకున్నవాళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అందరి ఇబ్బందీ ఒకటే: తమ గురించి తాము రాసుకోవడం. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పచ్చళ్లు, పొడుల గురించి ఆరేళ్లుగా రాస్తున్నాను. "మీరెవరమ్మా, మీ గురించి చెప్పండి" అని పాఠకులు అడుగుతున్నారు. ఆడపిల్లల హాస్టల్లో మెస్ చూసి రిటైరయ్యాను. రాయబోతే ఉద్యోగ దరఖాస్తులా తయారవుతోంది. ఎంత రాయాలి? ఏం రాయాలి?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: పుట్టుకతో మొదలెడుతున్నారు కాబట్టే అలా వస్తోందండీ. పుట్టిన ఊరు, నాన్నగారి పేరు, చదువు, పెళ్లి, పిల్లలు అనే వరస మనకి దరఖాస్తుల్లోంచీ పెళ్లిచూపుల్లోంచీ అలవాటైపోయింది. ఆరేళ్లుగా చదువుతున్నవాళ్లకి మీ మాట తీరు ఎలాగూ తెలుసు. వాళ్లకి తెలియనిదల్లా ఆ కొలతలు మీకు ఎక్కడ పట్టుబడ్డాయన్నదే. పరిచయం ముందు దానికి జవాబు చెప్పాలి.

నూట ఇరవై నుంచి నూట యాభై మాటలు చాలు. మీ ఉత్తరంలో ఉన్నదాన్ని బట్టి ఒక నమూనా ఇస్తున్నాం. అంకెలు మీవి వేసుకోండి.

"ఆడపిల్లల హాస్టల్లో మెస్ చూసేదాన్ని. ఏటా మే నెలలో రెండు వందల మందికి సరిపడా ఆవకాయ పెట్టించేవాళ్లం. అంత పచ్చట్లో ఉప్పు తగ్గిందంటే వానలు పడేసరికి బూజు పట్టేది, జాడీలకి జాడీలు పారబోయాల్సి వచ్చేది. అందుకే నేను గుప్పెడు, చారెడు అనను. గ్రాముల్లో చెబుతాను."

ఇందులో మీ ఉద్యోగం, అనుభవం, పద్ధతి మూడూ వచ్చేశాయి. ఒక్క పొగడ్త కూడా లేదు. "చిన్నప్పటి నుంచీ నాకు వంటంటే ప్రాణం" లాంటి వాక్యం వస్తే కొట్టేయండి, దాని కింద ఏ వంటలక్క సంతకం పెట్టినా సరిపోతుంది. అవార్డులుంటే ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లండి.

పరిచయం చివర మీరు రాయనివి కూడా చెప్పండి. మాంసం పచ్చళ్లు పెట్టరా? షుగరున్నవాళ్లకి ఏది మంచిదో చెప్పరా? అక్కడే రాసేస్తే పదేపదే వచ్చే ప్రశ్నలు తగ్గుతాయి. "నాకు 64 ఏళ్లు", "ఆరేళ్లుగా రాస్తున్నాను" అనే వాక్యాలు మరుసటేడుకే తప్పవుతాయి. వాటికి బదులు ఏ సంవత్సరం నుంచి రాస్తున్నారో వేయండి. జీవిత కథ రాయాలనిపిస్తే అది వేరుగా, భాగాలుగా రాసుకోవాలి. పరిచయంలోకి కుక్కవద్దు.

ప్రశ్న: కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేశాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. నా పోస్టులు చదివేవాళ్లు జీవిత కథ రాయమంటున్నారు. తేదీలు గుర్తు లేవు. సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంది, అది నిజం కాదు. అమ్మ ఖర నామ సంవత్సరం మాఘంలో పుట్టావని చెప్పేది. ఎట్లా రాయాలి?
— పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ అమ్మగారు చెప్పిన మాటే మీకు పెద్ద ఆధారం. ఖర 1951 ఉగాదితో మొదలై 1952 ఉగాది ముందురోజుతో ముగిసింది. అరవై ఏళ్లకి అదే పేరు 2011-12లో తిరిగొచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఖర అనగానే 1951 అని వేసేస్తారు. మాఘం ఆ తెలుగు ఏడాది చివర్లో వస్తుంది కాబట్టి మీరు పుట్టింది 1952 జనవరి ఆఖరు, ఫిబ్రవరి నెలల్లో. తిథి కూడా తెలిస్తే పాత పంచాంగం చూసి తేదీ పట్టుకోవచ్చు. తెలియకపోతే "1952 మాఘమాసంలో పుట్టాను, బడిలో వేసిన తేదీ వేరు" అని రాయండి. మీ తరంలో బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వేసిన జూన్, జూలై తేదీలతోనే ఉద్యోగం ముగించినవాళ్లు ఊరూరా ఉన్నారు. పాఠకులకి అది వింతేమీ కాదు.

ఉద్యోగం సంగతులకి జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. మీ సర్వీస్ రిజిస్టర్ నకలు బయటికి తీయండి. చేరిన రోజు, బదిలీలు, ఇంక్రిమెంట్లు, సెలవులు తేదీలతో సహా అందులో ఉంటాయి. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక నోటు పుస్తకంలో పేజీకి ఒక సంవత్సరం చొప్పున రాసుకోండి. ఎడమవైపు రిజిస్టర్‌లో ఉన్నది, కుడివైపు మీకు గుర్తున్నది. కుడివైపు ఖాళీలుంటే కంగారు పడొద్దు. పక్కన ఊరందరికీ తెలిసిన సంఘటనలు వేసుకుంటూ పోండి: 1963 జూలై 26న పోచంపాడు ప్రాజెక్టుకి నెహ్రూ శంకుస్థాపన చేసింది, 1969 తెలంగాణ ఉద్యమం, 1975 జూన్‌లో ఎమర్జెన్సీ, 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి కావడం. "అది ఎమర్జెన్సీకి ముందా, తర్వాతా?" అని మిమ్మల్ని మీరు అడుగుతూ పోతే చాలా తేదీలు వాటంతటవే ఒక చోట కుదురుకుంటాయి.

కథ నమ్మేలా ఉండాలంటే కాలానికి సరిపోయే మాటలే వాడాలి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. మీ నాన్నగారి కాలం నాటి లెక్కలు చెబుతుంటే అవి నిజాం హాలీ సిక్కాలో, బ్రిటిష్ వాళ్ల కల్దారో కూడా చూసుకోవాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకి సమానం. మండలాలు 1985లో వచ్చాయి, అంతకు ముందువన్నీ తాలూకాలు. జగిత్యాల జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. కాబట్టి మీ బాల్యం "కరీంనగర్ జిల్లా, జగిత్యాల తాలూకా"లో గడిచిందనే రాయాలి. మీరు చేరింది రాష్ట్ర విద్యుత్ మండలిలో. 1999 ఫిబ్రవరిలో అది కరెంటు సరఫరా చూసే ట్రాన్స్‌కో, ఉత్పత్తి చూసే జెన్‌కోలుగా విడిపోయింది. 1980లో జరిగిన సంగతికి ట్రాన్స్‌కో పేరు పెడితే మీతో పనిచేసినవాళ్లే ముందు పట్టుకుంటారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలని ఉంది. సర్వీసు మొత్తం వరసగా చెప్పుకుపోకండి. ఒక గాలివాన రాత్రిని తీసుకోండి. ఫిర్యాదు ఎవరు తెచ్చారు, సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోవడానికి ఎంతసేపు పట్టింది, లైన్‌ని విడదీసే ఏబీ స్విచ్ ఎక్కడుంది, స్తంభం ఎక్కేముందు ఎర్త్ రాడ్ ఎలా తగిలించారు, తెగిన జంపర్ తీగ ఎలా కట్టారు, కిందనున్న మనిషి టార్చి ఎటు పట్టాడు. ఆ పని చేసినవాడికి తప్ప మరొకరికి తెలియని సంగతులివి. వీటిని ఓపికగా రాస్తే ఎనిమిది వందల మాటల భాగం ఒకటి నిండుగా వస్తుంది. అలాంటివి నాలుగు చేతిలో పెట్టుకున్నాకే మొదటిది బయటపెట్టండి. లేకపోతే రెండో వారానికి బండి ఆగిపోతుంది.

ప్రశ్న: మా సిద్దిపేట మాటల రాస్తె అందరికి సమజైతదా? కొందరు పుస్తకాల భాషల రాయమంటున్నరు.
— పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మీ మాటల్లోనే రాయండి. మీ పాఠకులు వచ్చిందే ఆ మాట కోసం. జాగ్రత్త పడాల్సింది నిలకడ విషయంలో. ఒక పేరాలో "గప్పుడు", మరో పేరాలో "అప్పుడు", ఒకచోట "పోయిండు", ఇంకోచోట "పోయాడు" అని వస్తే చదివేవాళ్లు తడబడతారు. మీరు ఎక్కువగా వాడే ముప్పై నలభై మాటలు ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. కొత్త మాటకి పక్కనే అర్థం రాయొద్దు, వాక్యమే అర్థం చెప్పాలి. "తొవ్వ పొడుగునా ఒక్క బండి ఎదురు రాలే" అంటే తొవ్వ ఏమిటో గుంటూరు వాళ్లకీ అర్థమవుతుంది.

ప్రశ్న: 1983లో నా పెళ్లయింది. 1998లో అన్నయ్య నాకు తెలియకుండా పొలం పంపకాలు చేశాడు. నా కథలో ఇది లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. పేరు మార్చి రాస్తే సరిపోతుందా?
— పాఠకురాలు, అనంతపురం

జవాబు: సరిపోదమ్మా. చదివినవాళ్లు ఆ మనిషిని గుర్తుపట్టగలిగితే, పేరు మార్చినా పరువు నష్టం ప్రశ్న వస్తుంది. మీకున్నది ఒక్కరే అన్నయ్య అయితే పేరు మార్చి ఏం లాభం? ఇప్పుడు ఇది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ శిక్షగా పడొచ్చు. క్రిమినల్ కేసులో "నేను రాసింది నిజం" అంటే ఒక్కటే చాలదు, అది ప్రజల మేలు కోసం చెప్పాల్సిన మాట అని కూడా చూపాలి. చనిపోయినవాళ్ల మీద రాసినా, వాళ్ల కుటుంబం మనసు నొప్పించాలనే ఉద్దేశంతో రాస్తే ఇదే సెక్షన్ వర్తించవచ్చు.

అలాగని నోరు మూసుకోనక్కర్లేదు. తీర్పు వదిలేసి జరిగింది రాయండి. "అన్నయ్య మోసం చేశాడు" అనేది తీర్పు. "1998లో రాసిన పంపకాల కాగితం మీద నా సంతకం లేదు. ఆ సంగతి నాకు ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసిందంటే..." అనేది జరిగింది. రెండోదానికి బలమూ ఎక్కువే. కాగితం నకలు మీ దగ్గరుంటేనే ఆ వాక్యం రాయండి.

మీ హక్కు గురించి రాసేటప్పుడు అప్పటి చట్టం చూసుకోండి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. పెళ్లయిన కూతుళ్లకీ ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతో. అందులోనూ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలను కదపలేదు. అందుకని "చట్టప్రకారం నాకు రావాల్సిన వాటా" అని రాసేముందు ఒక లాయరుకి ఆ కాగితాలు చూపించండి. కోర్టులో దావా నడుస్తుంటే మాత్రం ఆ భాగాన్ని పక్కన పెట్టాల్సిందే. మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ అవతలి లాయరు మీ మీదే వాడుకోగలడు.

ప్రశ్న: అమ్మ జీవిత కథని ఆవిడ పాఠకుల కోసం నేను టైపు చేస్తున్నాను. పాత ఫొటోలు పెట్టొచ్చా? ఏమేం దాచాలి?
— పాఠకురాలు, డాలస్

జవాబు: ఆల్బమ్‌కి అతుక్కుపోయిన ఫొటోలని పీకొద్దు, పైపొర ఊడి వస్తుంది. పేజీతో సహా స్కాన్ చేయండి. అరచేయంత నలుపు-తెలుపు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఫొటో 1800, 2400 పిక్సెళ్లు వస్తుంది, ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని ఫొటోకి సమాంతరంగా పట్టుకుని తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరుపు మచ్చ పడుతుంది.

మన దేశంలో డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవాళ్లదే. ఉత్తరాల సంగతి వేరు. కాగితం అందుకున్నవాళ్లది, అందులోని రాతల మీద హక్కు రాసినవాళ్లది. మేనమామ రాసిన ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేయాలంటే ఆయన్నీ, ఆయన లేకపోతే వారసులనీ అడగాలి.

అమ్మగారి పూర్తి పుట్టినతేదీ, పుట్టింటి ఇంటిపేరు, చిన్నప్పటి బడి పేరు, మొదటి పెంపుడు జంతువు పేరు, ఈ నాలుగూ ఒకేచోట పెట్టొద్దు. బ్యాంకులు, ఈమెయిళ్లు పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు తరచూ అడిగేవి ఇవే. సంవత్సరం, ఊరు చెబితే కథకి సరిపోతుంది. ఇప్పుడు ఉంటున్న ఇంటి ఫొటో పెట్టేముందు నంబరు చెరిపేయండి. ఫోన్‌తో తీసిన వాటిలో లొకేషన్ దాగి ఉంటుంది, పంచుకునేముందు అది తీసేయండి. ఫొటోలో ఉన్న మనవల ముఖాలకి వాళ్ల అమ్మానాన్నల అనుమతి కావాలి.

టైపు చేసేముందు అమ్మగారి చేత ప్రతి ఫొటో గురించీ చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఏ పండగ, ఎవరింటి ముందు అని అడగండి. విడి ఫొటోల వెనక ఆ పేర్లు మెత్తటి పెన్సిల్‌తో, అంచుకి దగ్గరగా, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపుకి ఉబ్బి కనిపిస్తుంది.