వాల్యుయేషన్ ఇంజనీరు వచ్చేముందు ఇల్లు కాదు, కాగితాలు సర్దుకోండి

"మధురవాడలో పాత ఇండిపెండెంట్ ఇల్లు కొంటున్నాం. లోన్ ఇచ్చేముందు ఇంటి విలువ కట్టడానికి, అంటే వాల్యుయేషన్‌కి, బ్యాంకు వాళ్ళు ఇంజనీరుని పంపుతామన్నారు. పని త్వరగా, ఇబ్బంది లేకుండా అవ్వాలంటే ఏం చేయాలి? ముందే రంగులు వేయించమని ఓనర్‌ని అడగాలా?" అని ఒకరు అడిగారు.

రంగులు వద్దు. వాల్యుయేషన్ ఆలస్యమయ్యేది ఇల్లు బాగోలేక కాదు. దస్తావేజులో ఉన్న స్థలం, కళ్ళ ముందున్న స్థలం ఒకటేనని చూపించలేక.

విశాఖలోనే మర్రిపాలెం వైపు మా నాన్నగారు కట్టించిన ఇంటి మీద 2021లో లోన్ పెట్టాం. ఇంజనీరు వస్తున్నారని అమ్మ రెండు రోజులు ఇల్లంతా కడిగించింది, గేటుకి పెయింటు వేయించింది. ఆయన వచ్చిన రోజున పై వాటాకి తాళం. అద్దెకున్నవాళ్ళు పెళ్ళికని టెక్కలి వెళ్ళారు. లోపల కొలవకుండా రిపోర్టు రాయలేనని ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ రావడానికి ఆరు రోజులు పట్టింది. ఒక ఫోన్ చేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళమంటే పోయేది. మీరు కొనే ఇంట్లో అద్దెకున్నవాళ్ళుంటే, ఓనర్‌తో కాదు, వాళ్ళతోనే మాట్లాడండి.

రెండోసారి వచ్చినప్పుడు ఆయన హాలు వైపు చూడలేదు. గేటు దగ్గరే నిలబడి మా దస్తావేజు జిరాక్స్ తిరగేసి, "ప్లాటు నంబరు 41 అని ఉంది. ఈ ఇల్లే 41 అని నాకెలా తెలుస్తుంది?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. 1988 నాటి దస్తావేజులో ప్లాటు నంబరే ఉంది, డోర్ నంబరు లేదు. ఇంటి పన్ను రసీదులో కొత్త డోర్ నంబరు, కరెంటు బిల్లులో పాత డోర్ నంబరు. మూడింటినీ కలిపే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. లేఅవుట్ ప్లాన్ ఎక్కడుందో నాన్నగారికే తెలుసు, ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు.

గోడ అవతల నుంచి వింటున్న పక్కింటి మాస్టారు, "ఉండు బాబూ, నా కాగితాలు తెస్తాను" అంటూ లోపలికెళ్ళారు. వీధి అరుగు మీద ట్రంకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి దస్తావేజు తీశారు. హుద్‌హుద్ తుపానుకి వరండా రేకులెగిరిపోయినా ఆ పెట్టె తడవనివ్వలేదట. ఆయనది 42. అందులో దక్షిణం హద్దు దగ్గర ప్లాటు నంబరు 41, పక్కన మా నాన్నగారి పేరు, తాతగారి పేరుతో సహా. ఆయన ఇంటి ప్లానులో ప్లాటు నంబరు, డోర్ నంబరు రెండూ ఉన్నాయి. ఇంజనీరు రెండూ ఫొటో తీసుకున్నారు. అమ్మ ఆ పేజీ ఇంకోసారి చూపించమని అడిగి, నాన్నగారి పేరు మీద వేలు పెట్టి చదువుకుంది.

తరువాత కొలతలు. కాగితం మీద 30 అడుగులకి 50, అంటే 166 గజాల పైచిలుకు. టేపు పెడితే పొడవు నలభై ఎనిమిదిన్నరే వచ్చింది. ముందువైపు కాలువ కట్టినప్పుడు అడుగున్నర పోయింది. కాగితం, నేల రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క అన్నారు. ఐదు గజాల విలువ అక్కడికక్కడ తగ్గింది. మేడ మీద ప్లానులో లేని గదిని అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఆయన్ని తప్పు పట్టను.

అందుకని మీరు ఓనర్‌ని ముందుగా అడగాల్సింది దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం), అప్రూవ్డ్ ప్లాన్, లేఅవుట్ కాపీ, పన్ను రసీదు, కరెంటు బిల్లు. వాటితో, ఇంజనీరు రాకముందే ఒక ఆదివారం మీరే టేపు పట్టుకుని నాలుగు హద్దులూ తిరగండి. తేడా ఉంటే బేరం అయ్యేలోపే తెలుస్తుంది. సముద్రపు గాలికి సన్‌షేడ్లు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయేమో కూడా చూడండి. దాన్ని రంగుతో కప్పినా ఇంజనీర్లు కనిపెట్టేస్తారు.

వేపగుంట, అడవివరం వైపు కొనేవాళ్ళకైతే ఇంకో మాట. అక్కడ సింహాచలం దేవస్థానానికీ, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకీ మధ్య పంచగ్రామాల భూముల వివాదం ఉంది కాబట్టి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందో లేదో చూసుకున్నాకే వాల్యుయేషన్ ఫీజు కట్టాలి. ఫీజంటే గుర్తొచ్చింది. ఆ డబ్బు కట్టేది మనం, రిపోర్టు కాపీ మాత్రం మాకు ఇవ్వలేదు. అడిగితే "అది బ్యాంకు కోసం సార్" అన్నారు. నా ఇంటి లెక్క నాకు చూపించకపోవడం ఎంత మాత్రం న్యాయం కాదు.

"ఎంత కావాలంటే అంత వాల్యూ వేయిస్తాం" అనే మధ్యవర్తులు ఫోన్ చేస్తారు. దగ్గరికి రానివ్వకండి. విలువ తక్కువొస్తుందని భయమైతే ముందే లెక్క వేసుకోండి. లోన్ 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే రిజర్వ్ బ్యాంకు పరిమితి విలువలో 80 శాతం. 80 లక్షలకి బేరమాడిన ఇంటికి 70 లక్షలే విలువ వేశారనుకోండి, 64 లక్షలు వస్తుందనుకున్న లోన్ 56 దగ్గర ఆగిపోతుంది. ఆ ఎనిమిది లక్షలు ఎక్కణ్ణుంచి తేవాలో అడ్వాన్సు ఇవ్వకముందే ఆలోచించుకోవాలి.

ముఖ్యంగా, ఆ ఇంటికి అటూ ఇటూ ఉన్నవాళ్ళని ఒకసారి కలవండి. నిరుడు మాస్టారి అబ్బాయి లోన్‌కి వెళ్ళినప్పుడు ఇంజనీరు ఆయన్నీ హద్దుల గురించే అడిగారు. ఈసారి మా దస్తావేజు జిరాక్స్ గోడ మీదుగా అమ్మే అందించింది.