మొలకలు సాగుతున్నాయి, ఈగలు ముసురుతున్నాయి

ప్రశ్న: గదిలో ట్రేలో మిరప, టమాటా విత్తనాలు వేశాను. పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంది. మొలకలు సన్నగా సాగి వాలిపోతున్నాయి. మట్టి మీద చిన్న నల్ల ఈగలు! లైటు మార్చాలా, మందు కొట్టాలా?

జవాబు: ముందు లైటు కిందికి దించండి. బల్బు దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మొలకలు సాగేది అందుకే. ట్రే అంతటా సమంగా పడాలంటే బల్బు కన్నా ట్యూబులు నయం. 6500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, ఆకుల కొసలకు 15 సెంటీమీటర్ల ఎత్తున కట్టండి. మొక్క ఎదిగేకొద్దీ పైకి జరపాలి. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు లైట్లే కావాలనేమీ లేదు, పైగా వాటి కింద ఆకు పసుపెక్కినా కంటికి ఆనదు. రోజుకు 14–16 గంటలు చాలు. 24 గంటలూ వెలిగిస్తే టమాటా ఆకులు పాలిపోతాయి.

ఈగలకు మందు అక్కర్లేదండీ, తడి తగ్గించాలి. వాటి పురుగులు పై 2–3 సెంటీమీటర్ల మట్టిలో ఉండి లేత వేళ్లు కొరుకుతాయి. బంగాళాదుంప ముక్క మట్టి మీద బోర్లించి, రెండు రోజులాగి తిప్పి చూడండి, ఆ పురుగులు దానికి చేరి కనిపిస్తాయి: నల్ల తల, గాజులాంటి ఒళ్లు. పై మట్టి ఆరనిచ్చి, నీళ్లు ట్రే అడుగు నుంచే పట్టించండి. అరగంటయ్యాక మిగిలినవి పారబోయండి. పసుపు జిగురు అట్టలకు ఎగిరేవే అంటుకుంటాయి, మట్టిలోవి కాదు. అందుకే నాలుగు వారాలు ఓపిక పట్టాలి.

ఆకు అడుగున సాలెగూడులాంటి సన్నటి గూడు కనిపిస్తే మాత్రం అది ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే అతిచిన్న పురుగు) పని. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, లైటు ఆర్పాక ఆకుల అడుగున కొట్టండి. ముందు ఒక్క మొక్క మీద చూసుకోండి.