క్రాకోవ్ మరియా గుడి: ఒక్క పూటలో ఏం చూడాలి?

ప్రశ్న: వచ్చే నెల పోలండ్ వెళ్తున్నాం. క్రాకోవ్ పాత పట్టణంలోని మరియా చర్చికి ఒక్క పూటే కేటాయించగలం. ఎప్పుడు వెళ్లాలి? టికెట్ ఉంటుందా?

జవాబు: ఆదివారం మాత్రం పెట్టుకోకండి. పేరుకు చూడదగ్గ స్థలమైనా అది నేటికీ స్థానిక క్రైస్తవుల పూజలు జరిగే విచారణ (పారిష్) గుడి. పూజల తర్వాతే సందర్శకుల వంతు. మామూలు రోజుల్లో 11.30కి, ఆదివారం 2 గంటలకు లోపలికి వదులుతారు. పండుగలకు ఈ వేళలు మారతాయి.

ఎక్కువమంది పొరబడేది తలుపు దగ్గర. జంట గోపురాల కింద ఉన్న పెద్ద తలుపు ప్రార్థనకు వచ్చేవాళ్లది. అక్కడ టికెట్ అక్కర్లేదు కానీ వెనక భాగం దాటి ముందుకు పోనివ్వరు. సందర్శకుల దారి దక్షిణం పక్కన, చిన్న చౌకు వైపు. టికెట్లిచ్చే చోటు దానికి ఎదురుగానే. 11.30కే లోపలికెళ్లి నేరుగా చెక్క శిల్పాలున్న బలిపీఠం దగ్గరికి నడవండి. 11.50కి దాని రెక్కలు (తలుపుల్లాంటి పలకలు) తెరుస్తారు. మూసి ఉన్నప్పుడు కనిపించే 12 చెక్కడాలను ఆ లోపే చూసేయాలి.

శిల్పి విట్ స్ట్వోష్ 1477 నుంచి 1489 దాకా చెక్కిన పీఠమిది. ఎత్తు సుమారు 13 మీటర్లు. నడుమ, యేసు శిష్యులైన అపొస్తలుల మధ్య ప్రాణం విడుస్తూ ఒరిగిపోతున్న మరియమ్మ. ఆ పెద్ద బొమ్మలు నిండు మనిషిని మించిన ఎత్తు, లిండెన్ కర్రతో చేసినవి. ముఖాలకన్నా చేతులు చూడండి, నరాలు తేలి కనిపిస్తాయి. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, అది లేకుండా పై భాగం అందదు. పోలండ్ వాళ్లు ముందే బొమ్మలు ఊడదీసి దాచినా, రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు ఈ పీఠాన్ని జర్మనీకి తరలించారు. 1946లో పోలండ్ చేరినా, ఈ గుడిలో మళ్లీ నిలిచింది 1957లోనే.

ప్రశ్న: గోపురాలు ఎక్కువతక్కువగా ఎందుకున్నాయి? పైనుంచి ఊదే పాట మధ్యలో తెగిపోతుందట, నిజమేనా?

జవాబు: నిజమే. సుమారు 82 మీటర్ల గోపురం పట్టణానికి కావలి బురుజు. పొట్టిది గుడి గంటలకు. నేటికీ ఫైర్ సిబ్బందే గంటగంటకూ ట్రంపెట్‌పై నాలుగు దిక్కులకూ 'హెయ్నావ్' అనే ఆ పాట ఊదుతారు, రాత్రి కూడా. దండెత్తి వచ్చిన తాతారుల (మంగోలు సేనల) బాణం ఊదుతున్న కావలివాడి గొంతులో దిగినందుకే పాట అలా తెగుతుందన్నది మాత్రం కథే. మధ్యాహ్నం 12 గంటల పాటను పోలండ్ రేడియో 1927 నుంచి ప్రసారం చేస్తోంది కానీ, అప్పటికి మీరు పీఠం ముందుంటారు. ఒంటిగంటకు బయట చౌకులో నిలబడి వినండి, పాట అదే. గోపురం ఎక్కడానికి టికెట్ వేరు. మెట్లు 200 పైమాటే, ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండటం మేలు.