నాన్న నర్సింగ్ వద్దంటున్నారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక ఊరు. నాకు 19 ఏళ్లు. ఇంటర్‌లో బై.పి.సి. చదివాను. బి.ఎస్సీ. నర్సింగ్ చేసి రిజిస్టర్డ్ నర్సుగా స్థిరపడాలని నా కోరిక. నాన్న కిడ్నీ జబ్బుతో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. నేనే వెంట వెళ్తాను. అక్కడి నర్సులను నోరారా ‘అమ్మా’ అని పిలిచే మనిషి, నేను ఆ చదువు చదువుతానంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. రాత్రి డ్యూటీలు చేసే పిల్లకు సంబంధాలు రావని అత్త ఆయనకు నూరిపోస్తోంది. మావయ్యకు తెలిసిన ఒకాయన బెంగళూరులో జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) సీటు ఇప్పిస్తాననీ, ఇప్పుడు డబ్బేమీ కట్టక్కరలేదనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి బాండు రాస్తే చాలనీ అంటున్నారు. తిత్లీ తుఫానులో కొబ్బరి తోట పోయాక మాకు చెప్పుకోదగ్గ ఆదాయం లేదు. నాన్నను ఎదిరించి వెళ్లిపోనా, ఆశ వదులుకోనా?

జవాబు: మీ నాన్నగారికి ఈ వృత్తి అంటే చులకన అని మీరు అనుకుంటున్నట్టున్నారు. మీ ఉత్తరం చదివితే నాకలా అనిపించలేదు. ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున ఆ మంచం మీద పడుకునే మనిషి నర్సు పనిని మీ ఊళ్లో అందరికంటే దగ్గరగా చూసి ఉంటారు. సూది గుచ్చే ముందు, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మీద వేళ్లు ఆనించి లోపలి అదురును పరీక్షించడం, బి.పి. ఒక్కసారిగా పడిపోతే పరుగున వచ్చి కాళ్లు ఎత్తి పెట్టడం, వాంతి చేసుకున్నవారిని శుభ్రం చేయడం, మిషను ఖాళీ కాలేదని ఎవరో రోగి బంధువు అరుస్తుంటే మాట తూలకుండా నిలబడడం, ఇవన్నీ ఆయన కళ్లముందే జరుగుతాయి. పరాయి ఆడపిల్ల చేస్తే చేతులెత్తి మొక్కిన పనిని కన్నకూతురు చేస్తుందంటే తండ్రి గుండె కలుక్కుమనడంలో వింత లేదు. కాబట్టి సేవ ఎంత గొప్పదో ఆయనకు ఉపన్యసించకండి. ఆ సంగతి మనిద్దరికంటే ఆయనకే బాగా తెలుసు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ‘నేనే వెంట వెళ్తాను’ అన్న చిన్న వాక్యం. మీరు హాస్టల్‌కు వెళ్లిపోతే ఆయన వెంట ఎవరు వెళ్తారు? నీళ్లు ఎన్ని గుక్కలు తాగారో, మందులు వేసుకున్నారో లేదో ఎవరు చూస్తారు? ఈ భయాన్ని కూతురి ముందు బయటపెట్టడానికి చాలామంది తండ్రులకు మనసొప్పదు, అందుకే అది రాత్రి డ్యూటీల మీద కోపంగానో, పెళ్లి సంబంధాల బెంగగానో బయటికి వస్తుంది. నేను పొరబడి ఉండవచ్చు, అయినా మీరు మొదట కదపవలసిన విషయం ఇదే. అమ్మగారినో, దగ్గరి బంధువుల్లో నమ్మకమైన మరొకరినో కొన్ని వారాలపాటు మీతో పాటు తీసుకువెళ్లి, బరువు చూసి రాయించుకోవడం, ఫిస్టులా ఉన్న చేతికి ఎవరూ బి.పి. పట్టీ కట్టకుండా చూడడం వంటివన్నీ దగ్గరుండి నేర్పండి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను ఆయనకు అందకపోతే ముందు గ్రామ సచివాలయంలో ఆ పని చూడండి. మీరు లేకపోయినా తనకు జరుగుబాటు ఉంటుందన్న ధీమా కలిగిన తరువాత ఆయన మాట మారే అవకాశం ఉంది.

రాత్రి డ్యూటీల గురించి ఆయన పడే భయాన్ని కొట్టిపారేయకండి. 2024 ఆగస్టులో కోల్‌కతా ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలికి జరిగిన ఘోరం మనదాకా వినిపించింది. హాస్టల్ ఆసుపత్రి ఆవరణలోనే ఉందా, రాత్రి పూట విద్యార్థినులను ఎవరి పర్యవేక్షణలో ఉంచుతారు, లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఉండవలసిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందా అన్నది కళాశాలకు వెళ్లి అడగండి. వీలైతే ఆ రోజు ఆయననే తీసుకువెళ్లండి. ఇక సంబంధాల విషయంలో మీ అత్తగారి మాట ఒకప్పటిది. ఉద్యోగం ఉన్న పిల్ల కావాలని వెతుక్కునే ఇళ్లు ఇప్పుడు మన జిల్లాలోనూ తక్కువేమీ కాదు.

బెంగళూరు సీటు సంగతి మాత్రం ఖచ్చితంగా చెబుతున్నాను, ఒప్పుకోకండి. అక్కడి కళాశాలలన్నీ చెడ్డవని నా ఉద్దేశం కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుని బాండు రాయించుకునే పద్ధతిని భారత నర్సింగ్ కౌన్సిలే వ్యతిరేకించింది. చదువు మధ్యలో మానేయాల్సి వచ్చినా, మంచి ఉద్యోగం దొరికి వెళ్లాలన్నా ఆ కాగితాల కోసం మీరు వాళ్ల గుమ్మం ముందు పడిగాపులు కాయవలసి వస్తుంది, అప్పుడు ఆ మధ్యవర్తి ఫోను ఎత్తడు. ఊరికే వచ్చిందన్న సీటుకు తరువాత హాస్టలని, పరీక్షలని, యూనిఫారమని వసూలు చేసే లెక్కలు వేరే ఉంటాయి.

పైగా మీరు బై.పి.సి. చదివారు. జి.ఎన్.ఎం. మూడేళ్ల డిప్లొమా, దానికి ఆర్ట్స్ చదివినవారు కూడా అర్హులే. నాలుగేళ్ల బి.ఎస్సీ.కి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు తప్పనిసరి, అవి మీకు ఉన్నాయి. ఒక్క ఏడాది తేడాయే కదా అనిపించవచ్చు, కానీ ఎయిమ్స్ సంస్థలు నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి పెట్టే నార్‌సెట్ పరీక్షకు బి.ఎస్సీ. వారు చదువు ముగించి రిజిస్ట్రేషన్ చేయించుకోగానే కూర్చోవచ్చు, జి.ఎన్.ఎం. వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఆ ఉద్యోగానికి మూలవేతనమే 44,900 రూపాయలు. మన పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పనిచేస్తున్నవారు కూడా ఎక్కువగా బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారే. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదట్లో ఇచ్చే జీతం మాత్రం పనికి తగినట్టు ఉండదు, ఆ సంగతి ఇప్పుడే తెలుసుకుని దిగడం మంచిది.

ఎక్కడ చేరినా ఆ కళాశాలకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. పట్టా చేతికొస్తే చాలదు. చదువు ముగిశాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే మీరు రిజిస్టర్డ్ నర్సు అవుతారు, గుర్తింపు లేని చోట చదివితే ఆ నమోదు దగ్గరే ఆగిపోతారు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మీ కుటుంబం అర్హమవుతుందేమో ఆ ఏటి నిబంధనలు చూసుకోండి. రాష్ట్రం దాటి వెళ్తే దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎదిరించి వెళ్లిపోవద్దు, ఆశా వదులుకోవద్దు. పలాసలోనే రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్ పని తెలిసిన నర్సుల అవసరం కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఇప్పట్లో తీరేది కాదు, కాబట్టి చదువు తరువాత మీరు ఇంటికి దగ్గరలోనే పనిచేయగల దారి ఉందని ఆయనకు చెప్పండి. ఆయన సరే అనేదాకా దరఖాస్తు ఆపకండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన చేరినట్టు కాదని ఆయనకే చెప్పి, ఆయనకు తెలిసేలాగే పెట్టండి. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశాల ప్రకటన వచ్చేలోగా కుల, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి, గడువు దగ్గరపడ్డాక సచివాలయం చుట్టూ తిరిగితే పని కాదు.