కిలోకి ఎన్ని వాట్లు అని రాసే ముందు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

వ్యాసం అందింది, చదివాను. రేడియో కంట్రోల్ విమానానికి ఎంత మోటర్ కావాలో తెలుగులో రాయాలనుకోవడం మంచి ఆలోచన. కానీ మొదటి పేజీ అంతా 1957లో ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ ఎగరేసిన ఎలక్ట్రిక్ మోడల్ కథకే పోయింది. అది తీసేయ్. నీ పాఠకుడు ఫోమ్‌బోర్డు రెక్క పక్కన పెట్టుకుని, మోటర్ ఆర్డర్ చేద్దామని ఫోన్ తెరిచి కూర్చున్నాడు. చరిత్ర వినే ఓపిక ఇప్పుడతనికి లేదు.

ఆ వెంటనే, విమానం బరువులో ‘కిలోకి 200 వాట్లు’ మోటర్ చాలని తేల్చేశావు. అంకె తప్పేం కాదు. నేర్చుకునేవాళ్ల విమానానికి కిలోకి 150 నుంచి 200, మామూలు పల్టీలకు 220 పైన, ప్రొపెల్లర్ మీద నిలువుగా వేలాడే త్రీడీ రకానికి 330 పైన అని ఈ హాబీలో ఉన్నవాళ్లు చాలాకాలంగా చెప్పుకునే లెక్కే. అయితే అది ఎలా పుట్టిందో నువ్వు చెప్పలేదు. అది తెలియనివాడికి ఎక్కడ పనికిరాదో కూడా తెలియదు. 1979 జూన్ 12న బ్రయాన్ అలెన్ అనే సైక్లిస్టు గోసమర్ అల్బట్రాస్ అనే విమానాన్ని పెడల్ తొక్కుతూ ఇంగ్లిష్ చానల్ దాటించాడు. మనిషితో కలిపి దాదాపు 100 కిలోలు. నిశ్చలమైన గాలిలో దానికి కావలసింది సుమారు 300 వాట్లు, అంటే కిలోకి మూడు! నీ సూత్రంతో లెక్కేస్తే 20,000 రావాలి. తేడా ఎక్కడుందంటే, దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 30 మీటర్లు, వేగం సైకిల్ వేగం. బరువు ఒక్కటే చూస్తే లెక్క తేలదు, ఎంత వేగంతో ఎగరాలో కూడా చూడాలి.

కాబట్టి అంకెను చివరికి నెట్టు. ముందు ఒక విమానాన్ని తీసుకుని లెక్క చేసి చూపించు. బ్యాటరీతో కలిపి కిలో బరువు, రెక్క పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఇది సెకనుకు ఏడున్నర మీటర్ల లోపు వేగానికి పడితే రెక్క బరువు మోయలేక స్టాల్ అవుతుంది, కాబట్టి 10 మీటర్ల వేగంతో ఎగరేద్దాం. ఇలాంటి మోడల్లో గాలి వెనక్కి లాగే బలం బరువులో ఏడో వంతు అనుకుంటే 1.4 న్యూటన్లు. దాన్ని వేగంతో గుణిస్తే 14 వాట్లు, సమంగా ఎగరడానికి అంతే! సెకనుకు మూడు మీటర్ల చొప్పున పైకెక్కాలంటే ఇంకో 30. మొత్తం 44. కానీ బ్యాటరీ ఇచ్చినదంతా గాలికి చేరదు. మోటర్ వేడి రూపంలో కొంత తింటుంది, ప్రొపెల్లర్ అంతకంటే ఎక్కువ తింటుంది. సగం కంటే తక్కువే మిగులుతుంది. అంటే బ్యాటరీ నుంచి దాదాపు 100 వాట్లు లాగాలి. ఎదురుగాలికి, గడ్డి మీంచి లేవడానికి, దిగబోయి మళ్లీ లేపాల్సి వచ్చినప్పటికి కొంత చేతిలో ఉండాలి కదా. 150 ఎందుకో, 200 ఎందుకో అప్పుడు నువ్వు చెప్పక్కర్లేదు.

‘కేవీ ఎక్కువున్న మోటర్‌కి పవర్ ఎక్కువ’ అన్న వాక్యం మాత్రం పూర్తిగా కొట్టేయ్. కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది, అంతే. అలాగే మోటర్ మీద రాసిన వాట్లు అది తట్టుకోగల హద్దు. ఎంత లాగాలో నిర్ణయించేది ప్రొపెల్లర్. చుట్లు అవే ఉంటే, లాగే పవర్ ప్రొపెల్లర్ వ్యాసానికి (ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్న కొలతకు) నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 అంగుళాలు తీసి 11 పెడితే 46 శాతం ఎక్కువ. నిజానికి చుట్లు కొంచెం తగ్గుతాయి కాబట్టి అంత పెరగదు, కానీ హద్దు మీద నడుస్తున్న మోటర్ కాలిపోవడానికి ఆ పెరిగింది చాలు. ఇక్కడ ఎంత చోటు కావాలంటే అంత వాడుకో, కొత్తవాళ్ల డబ్బు పోయేది ఇక్కడే.

పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక్కో చుట్టుకు లెక్కప్రకారం ముందుకు పోయే దూరం, దాని గురించి ఒక పేరా చాలు. పిచ్‌ని చుట్లతో గుణిస్తే వచ్చే వేగం స్టాల్ వేగానికి రెండున్నర రెట్లయినా ఉండాలి. మన విమానానికి 10×5 ప్రొపెల్లర్ (వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 5) నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే సెకనుకు 19 మీటర్లు, సరిపోతుంది. పుస్తకాల్లో గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు అని ఉంటుంది. హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండలో అది 1.06 దగ్గర ఉంటుంది. థ్రస్ట్ (ప్రొపెల్లర్ ముందుకు లాగే బలం) కూడా దాదాపు అంతే మేర పడిపోతుందని ఒక వాక్యం చేర్చు. మనవాళ్లకు పనికొచ్చే మాట.

లెక్క అయ్యాక కొలవమను. వాట్ మీటర్‌ని బ్యాటరీకీ, మోటర్ వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీకీ మధ్య పెడితే 11 వోల్టులు, 18 ఆంపియర్లు చూపించిందనుకో, 198 వాట్లు. ఈఎస్‌సీ 25 ఆంపియర్లదైనా ఉండాలి. జాగ్రత్తలన్నీ వ్యాసం ఆఖర్న కుప్పగా పోశావు. అలా వద్దు. విమానాన్ని కదలకుండా కట్టేసి, ప్రొపెల్లర్‌కి వెనక నిలబడి, ఫుల్ థ్రాటిల్ నాలుగైదు సెకన్లు మాత్రమే ఇవ్వాలన్నది ‘కొలవండి’ అనే వాక్యంలోనే ఉండాలి. ఆఖరి పేరా దాకా రాకముందే చదివేవాడు వేలు పెట్టేస్తాడు.

చివరగా ఒక అనుమానం. నీ విమానం 820 గ్రాములని రాశావు. నువ్వు చెప్పిన మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ ప్యాక్ ఒక్కటే 180 గ్రాముల దాకా ఉంటుంది. అది కలిపి తూచావా, విడిగానా? వంటింటి కాటా మీద పెట్టి మళ్లీ తూచి రాయి. ఆ బరువు తెలిశాక మిగతా అంకెలు చూస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య