చేదు మందు తాగడం ఎలా?

ప్రశ్న: ఇటలీలో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు సంక్రాంతికి వస్తూ ఫెర్నెట్ బ్రాంకా అనే సీసా తెచ్చాడు. విస్కీలాగా పెగ్గు పోసుకుని గుటక వేశాను, చిన్నప్పుడు నాయనమ్మ ముక్కు మూసి పట్టించిన కషాయమే! దీన్నెలా తాగుతారు? తిన్నది అరుగుతుందంటాడు, నిజమేనా? తెరిచిన సీసా ఫ్రిజ్‌లో పెట్టాలా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమారో అనే ఈ ఇటలీ చేదు మూలికల మందుల్లో బాగా ఘాటైనదే ముందుగా మీ చేతికొచ్చిందండీ. 1845లో మిలాన్‌లో పుట్టిన సరుకు, 39 శాతం ఆల్కహాల్, కలబంద నుంచి కుంకుమపువ్వు దాకా 27 రకాల మూలికలు, దినుసులు. విస్కీలా గుటకేస్తే అంతే మరి. ఇటలీ వాళ్లు రాత్రి భోజనం అయ్యాక చిన్న గ్లాసులో కొంచెమే పోసుకుని, కబుర్లు చెప్పుకుంటూ చప్పరిస్తారు. అలా కూడా దిగకపోతే పొడుగు గ్లాసు నిండా ఐస్ వేసి, 30 ఎంఎల్ పోసి, పైన కోలా నింపండి. అర్జెంటీనాలో జనం దీన్ని తాగేదే అలా, అదేం నామోషీ కాదు.

ఈసారి అల్లుడు గారిని మాంటెనెగ్రో అనే అమారో తెమ్మనండి. బొలోన్యాలో 1885 నుంచి చేస్తున్నారు, 23 శాతమే, నారింజ వాసనతో తియ్యగా మొదలై చేదు చివర్లో తగులుతుంది. సిసిలీ వాళ్ల అవెర్నా కూడా మెత్తనిదే. కాంపరీ అనే ఇంకో ఇటలీ చేదు మందు సంగతి వేరు, అది భోజనానికి ముందు తాగేది. మన విశాఖ ఉక్కపోతకి, నన్నడిగితే, వీటన్నిటికంటే కాంపరీలో సోడా, ఐస్, ఓ నారింజ ముక్క వేసుకోవడమే హాయి.

ఇక అరుగుదల. చేదు తగిలితే నోట్లో నీళ్లూరడం నిజమే, అందుకే ఒకప్పుడు వీటిని ఔషధాలుగానే అమ్మేవాళ్లు. కానీ ఆ పేరు చెప్పి బిర్యానీ తిన్న ప్రతిసారీ సీసా తీయకండి, ఎసిడిటీ ఉంటే ఆల్కహాల్ దాన్ని పెంచుతుంది కూడా. వీటిలో చక్కెర బాగానే ఉంటుంది, షుగర్‌కో బీపీకో మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ఫ్రిజ్ అక్కర్లేదు. మూత గట్టిగా బిగించి ఎండ తగలని అల్మారాలో పెట్టండి, నెలల తరబడి ఉంటుంది. చల్లగా కావాలంటే తాగే ముందు ఓ గంట ఫ్రిజ్‌లో పెడితే చాలు.