ఉరిశిక్షల మీద పరిశోధన అంటోంది, బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, హెచ్ఈసీ. లా చదివి ఉరిశిక్షల మీద, సమాజం మీద పరిశోధన చేస్తానంటోంది. ప్రాక్టీస్ వద్దట, జడ్జి పరీక్షలూ రాయదట. హంతకులను వెనకేసుకొస్తుందా అని చుట్టాలు అంటుంటే టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు చుట్టాల సంగతి. ఇది ఎవరినీ వెనకేసుకురావడం కాదండీ. ఒకేలాంటి నేరానికి ఒకరికి ఉరి, ఇంకొకరికి యావజ్జీవం ఎందుకు పడుతున్నాయి, ఉరి పడేవాళ్లు ఎక్కువగా ఎవరు అని లెక్క తీసే పని. ఉరి ఉండాలనేవాళ్లకూ వద్దనేవాళ్లకూ ఆ లెక్క కావాలి.

2016లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ అలాంటి నివేదికే తెచ్చింది. ఉరిశిక్ష పడ్డ 370 మందికి పైగా ఖైదీలను కలిశారు, కుటుంబాలతో మాట్లాడారు. నూటికి 74 మంది ఆర్థికంగా బలహీనమైన ఇళ్లవాళ్లని తేలింది. దాన్ని నడిపించిన అనూప్ సురేంద్రనాథ్ లా చదివింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలోనే. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు, అదీ ఉరి మీద కాదు, రిజర్వేషన్ల మీద! కాబట్టి మీ అమ్మాయి ఇప్పుడే టాపిక్ ఖాయం చేసుకోనక్కర్లేదు.

2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరి వేయాలో వద్దో తేల్చేముందు దోషి కుటుంబ నేపథ్యం, మానసిక స్థితి, జైల్లో నడవడిక తెలుసుకోవాలంది. ఈ వివరాలు సేకరించేవాళ్లను మిటిగేషన్ ఇన్వెస్టిగేటర్లు అంటారు. మారుమూల ఊళ్లో ఒక తల్లి పక్కన కూర్చుని ఆమె మాటల్లోనే కథంతా చెప్పించగలగాలి. తెలుగు బాగా వచ్చిన పిల్లకు అది పెద్ద బలం. అయితే వినేది మామూలు కథలు కావు. మనసు మీద బరువు పడుతుంది, ఆ సంగతి ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

ఇక డబ్బు. క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాసి ఐదేళ్ల లా, ఏడాది ఎల్ఎల్ఎం (లాలో పీజీ), ఆపై పీహెచ్‌డీ. అంటే స్థిరపడేసరికి ముప్ఫై దగ్గరపడుతుంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700. కార్పొరేట్ లాయర్ల జీతాలతో పోల్చుకుంటే మాత్రం బాధే. మధ్యలో మనసు మారినా లా డిగ్రీ ఉంటుంది, ప్రాక్టీస్ ఎక్కడికీ పోదు.

క్లాట్ మామూలుగా డిసెంబర్‌లో ఉంటుంది. ఈలోపు ఒక సెలవురోజున ఆమె చేత 1974 నాటి ఈడిగ అనమ్మ తీర్పు చదివించండి. మన ఆంధ్రప్రదేశ్ కేసే. ఒక స్త్రీని, పసిబిడ్డను చంపిన అనమ్మకు పడ్డ ఉరిని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ యావజ్జీవంగా మార్చారు, ఆమె వయసు, బతుకు చూసి. కృష్ణయ్యర్ గారి ఇంగ్లిష్ కాస్త కొరుకుడుపడదు, ఓపిక పట్టమనండి. చదివాక చనిపోయిన బిడ్డ గురించి, అనమ్మ గురించి కూడా ప్రశ్నలు అడిగిందనుకోండి, క్లాట్ కోచింగ్ ఫీజు ధైర్యంగా కట్టేయండి.